సముద్రం ఏడికి పోతది

కరెంటు పొయ్యిని పాత దుప్పట్లో చుట్టి, గోనెసంచిలో పెట్టి, సుతిలి తాడుతో బిగించి కడుతున్న భర్తను చూసి మానసకు మొదట నవ్వొచ్చింది. అమిత్ ఆ పక్కనే రెండు వంట దేగిశాలు, చపాతీ పీట, బియ్యం సంచి, చింతపండు పొట్లం వరసగా పెట్టి ఉండడం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"అండమాన్‌కు పోతున్నమా, మేడారం జాతరకు పోతున్నమా?" అంది.

"ఏడికి పోతే ఏంది, తిండి తినమా?" అన్నాడు అమిత్ తలెత్తకుండానే. "ఆడ హోటళ్ల మస్తు రేట్లున్నయట. టికెట్లు చేసిన షాదాబ్ చెప్పిండు. మనం వండుకుంటే సగానికి సగం మిగుల్తది."

"మనం అంటే ఎవరు?"

అమిత్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ముడి గట్టిగా పడిందో లేదో లాగి చూసుకున్నాడు.

ప్రాణహిత ఒడ్డునున్న సిరొంచ వాళ్లు ఎక్కడికి కదిలినా ఇట్లాగే కదులుతారు. కాళేశ్వరం పోయినా, మేడారం పోయినా ట్రాలీలో ముందు ఎక్కేది మనుషులు కాదు, వంటసామాను. చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి ఆడవాళ్లు వండుతుంటే మగవాళ్లు నీళ్లలో మునిగి, తల తుడుచుకుంటూ వచ్చి, "అయ్యిందా?" అని అడుగుతారు. ఇన్నేళ్లుగా మానస కూడా ఆ రాళ్ల దగ్గరే కూర్చుంది. కానీ ఈ ప్రయాణం జాతర కాదు. ఇది ఆమె అడిగింది.

ఆమె పుట్టింది అహేరి దగ్గర నాగేపల్లిలో. ప్రాణహితలో ఈ ఒడ్డు నుంచి నడుమ ఇసుకతిప్ప దాకా ఈది, మళ్లీ ఈదుకుంటూ వచ్చేది. బి.ఏ. చదివే రోజుల్లో కూడా సెలవులకు ఇంటికొస్తే పుస్తకాల సంచి గడపలో పడేసి నదికే పరుగెత్తేది. పెళ్లయి సిరొంచకు వచ్చాక నది ఇంటికి ఇంకా దగ్గరయింది, నీళ్లు దూరమయ్యాయి. హార్డ్‌వేర్ దుకాణం వాళ్ల కోడలు నదిలో ఈత కొడితే ఊరు ఊరంతా ఒడ్డుకు వస్తుంది. పుష్కరాలప్పుడు చీరతో మూడు మునకలు వేసింది, అంతే. అందుకే భర్తను ఒకే ఒక్కటి అడిగింది. ఎవరూ ఎరగని చోట, సముద్రంలో, మెడ దాకా దిగి ఒక్కసారి ఈదాలి. చూసి రావడం కాదు, ఈదాలి.

అమిత్ సరేనన్నాడు. సరేనని, తన అక్క గోదావరిని, అంకిసలో చేపల వ్యాపారం చేసే బావ రాయమల్లును కూడా పిలిచాడు. నలుగురైతే గది ఖర్చు పంచుకోవచ్చని.

బస్సు, రైలు, చెన్నై నుంచి ఓడలో అన్నిటికంటే కింది తరగతి. పోర్ట్ బ్లెయిర్ నుంచి ఇంకో చిన్న పడవ. చివరికి నీల్ అనే ఆ బుల్లి దీవిలో కొబ్బరిచెట్ల మధ్య రేకుల గది, దాని వెనక వంట చేసుకునేందుకు ఒక పందిరి. సంచి విప్పగానే అమిత్ ముఖం వెలిగిపోయింది. పొయ్యికి ఒక్క గీత కూడా పడలేదు.

"చూసినవా? ఎట్ల కట్టిన!"

మొదటి రోజు పొద్దున చాయ్, ఉప్మా. అందరూ తువ్వాళ్లు భుజాన వేసుకున్నారు. మానస కూడా చేతులు తుడుచుకుంది.

"జర అన్నం, పప్పు పెట్టి రారాదు?" అన్నాడు అమిత్. "వచ్చేసరికి ఆకలైతది. సముద్రం ఏడికి పోతది?"

మధ్యాహ్నం వాళ్లు ఎర్రబడ్డ ముఖాలతో, కాళ్లనిండా ఇసుకతో వచ్చారు. మానస కూతురు, ఎనిమిదేళ్ల స్వీటీ, తల్లి నడుమును వాటేసుకుని, "మమ్మీ, నీళ్లు పచ్చగున్నయ్, మస్తు పచ్చగ!" అంది. ఆ తడి బట్టలు పిండి, గిన్నెలు తోమి, సాయంత్రం చాయ్ పోసి మానస బయటికి వచ్చేసరికి చీకటి పడిపోయింది. గడియారంలో ఇంకా ఆరు కాలేదు. సిరొంచలో ఆ వేళకు పిల్లలు బజార్లో ఆడుతుంటారు. ఇక్కడ చీకటి తొందరగా పడుతుందని కూడా ఎవరూ అనుకోలేదు.

రెండో రోజు రాయమల్లు జెట్టీ దగ్గర చవకగా దొరికిందని చేతికి బరువైనంత చేప తెచ్చాడు.

"చెల్లె, నీ చేతి పులుసు తినక ఎన్ని రోజులాయె!"

"అన్నా, నేను గూడ వస్త. వచ్చినంక చేస్త."

"అంతసేపు ఆగుతదా చేప?" అంది గోదావరి, కొబ్బరినూనె తలకు రాసుకుంటూ. "రేపు పోదువుతియ్ మానసా. రేపు మొత్తం నీదే. నేను చేస్త వంట."

"నిజంగ చేస్తవా వదినె?"

"ఒట్టు."

మూడో రోజు గోదావరికి నడుము పట్టేసింది. మధ్యాహ్నం పడవకు సామాను సర్దాలి, దారిలోకి చపాతీలు కావాలి. చపాతీలు ఒత్తుతున్నా మానస చూపు కొబ్బరితోట వైపే ఉంది. పీట మీద కర్ర గట్టిగా పడుతుంటే గది లోపల పడుకున్న గోదావరి, "మెల్లగనే, తలకాయ పగుల్తున్నది," అంది.

చివరి చపాతీ డబ్బాలో పడ్డాక మానస ఎవరికీ చెప్పలేదు. చున్నీ నడుముకు బిగించి, కొబ్బరితోట దాటి, స్వీటీ చూపించిన దారిన నడిచింది. స్వీటీ వెనకే పరుగెత్తుకొచ్చింది.

తోట చివర ఆమె ఆగిపోయింది.

సముద్రం లేదు.

ఎదురుగా నల్లటి రాళ్లు, వాటి మధ్య బురద, అక్కడక్కడ మోకాలు కూడా మునగని గుంటలు. నీళ్లు ఎక్కడో ఆకాశం అంచున గీతలాగా మెరుస్తున్నాయి. గది యజమానురాలైన బెంగాలీ ఆవిడ ఒక గుంట దగ్గర కూర్చుని బుట్టలోకి ఏవో ఏరుకుంటోంది. మానస ముఖం చూసి హిందీలో అంది: "నీళ్లు వెళ్లిపోయాయి దీదీ. చీకటి పడే ముందు వస్తాయి. రోజూ ఇంతే. మీ వాళ్లు చెప్పలేదా? వాళ్లు మొదటి రోజే నన్ను అడిగి వేళలు తెలుసుకున్నారే."

సిరొంచలో నది పోతే ఎండాకాలంలో పోతుంది, వస్తే వానకాలంలో వస్తుంది. పొద్దున ఉన్న నీళ్లు మధ్యాహ్నానికి లేకుండా పోతాయని మానసకెట్లా తెలుస్తుంది? కానీ అమిత్‌కు తెలుసు.

అతను రొప్పుతూ వచ్చాడు. "ఈడున్నవా? నడువు నడువు, పడవ టైం అయితున్నది. అక్క, బావ జెట్టీకి పోయిండ్రు."

"మీకు తెలుసా?"

"ఏంది?"

"నీళ్లు పోతయని."

అమిత్ రాళ్ల వంక చూశాడు. "తెలుసు. మొదటి రోజే తెలిసింది. అందుకేగా పొద్దుపొద్దున్నే పోయినం."

"నాకు చెప్పలే."

"నీకు వంట ఉండె గదా!"

అతను అందులో ఏ తప్పూ లేనట్టు, వాన పడుతుంటే గొడుగు వేసుకున్నాం అన్నంత మామూలుగా అన్నాడు. మానస పక్కనున్న రాయి మీద కూర్చుంది.

"లేచి నడువు. టికెట్లు ఖరాబైతయ్."

"కానియ్."

"కానియ్ అంటే? గింత పొదుపు చేసి తెచ్చి..."

"మూడు రోజుల సంది ‘సముద్రం ఏడికి పోతది’ అంటివి. పోయింది. చూడు. ఇగ అది తిరిగొచ్చేదాక నేను ఈడనే ఉంట. రేపు పొద్దుగాల ఇంకో పడవున్నది, ఓడ ఎల్లుండి. నేను గూడ అడిగి తెలుసుకున్న. నువ్వు పో."

పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె అతన్ని నువ్వు అనలేదు.

"నేను మమ్మీతోని ఉంట," అంది స్వీటీ.

అమిత్ వెళ్లాడు. కాసేపటికి జెట్టీ వైపు నుంచి పడవ కూత వినబడింది. మరికాసేపటికి అతనే తిరిగొచ్చాడు, పొయ్యి సంచి భుజాన వేసుకుని. దాన్ని ఇసుకలో ధనామని దించి దూరంగా కూర్చున్నాడు. "అక్కకు ఏం చెప్పాల్నో సమజ్ కాలే. పరేషాన్ చేసినవ్," అన్నాడు.

నీళ్లు పరుగెత్తి రాలేదు. ముందు గుంటలు ఒకదానితో ఒకటి కలిశాయి. తర్వాత నల్లరాళ్లు ఒక్కొక్కటీ మునిగాయి. వెలుగు పలచబడుతుండగా కుడివైపు ఇసుక మీదికి మొదటి అల వచ్చి ఆమె పాదాల వేళ్లు తడిపింది. మానస లేచి చెప్పులు కూతురి చేతికిచ్చి నడిచింది. మోకాళ్లు, నడుము, రొమ్ము, మెడ. అప్పుడు కాళ్లు ఎత్తేసింది.

చేతులు ఏదీ మర్చిపోలేదు. ఉప్పు పెదాల మీద మండింది. ఒడ్డు వెంటే, అడ్డంగా, ఆ కొస నుంచి ఈ కొసకు ఈదింది. హాయిగా ఉంటుందనుకుంది. హాయి రాలేదు, కోపమే ఇంకా పెరిగింది. ఇంతేనా, గది నుంచి ఇంత దగ్గరా, ఇంత తేలికా? దీన్నా మూడు రోజులు ఒక దేగిశా వెనక దాచిపెట్టారు? ఒక్కొక్క చెయ్యీ నీళ్లను కొడుతోంది.

"మమ్మీ! అటు నుంచి మళ్లీ రా!" స్వీటీ ఒడ్డున గెంతుతోంది.

వెనక నుంచి అమిత్ గొంతు, ఇప్పుడు కోపం కంటే దిగులే ఎక్కువున్న గొంతు, నీళ్ల మీదుగా వచ్చింది.

"మానసా! చపాతీల డబ్బా అక్కతోని పోయిందే! రాత్రికి ఏం తింటం?"

మానస ఊపిరి పీల్చుకుని, సంచిలో ఉన్న పొయ్యి వైపు చెయ్యెత్తి చూపించి, మళ్లీ ఆ కొసకు ఈదడం మొదలుపెట్టింది.