రాని పొగకు కట్టిన ధర

"గేటుకు రంగేస్తే చాలంటున్న. లోపల ఎవరు చూస్తరు?" అన్నాడు రాజారాం మళ్లీ.

"లోపల ఉండేటోళ్లు చూస్తరు." గంగమణి బాత్రూం గోడ మీద ఉబ్బిన సున్నాన్ని గోటితో గీకింది. పెంకులు పెంకులుగా రాలింది. "పైపు కారుడు బంద్ చెయ్యకుండ గేటుకు రంగేస్తే, పండ్లు తోముకోకుండ మొకానికి పౌడర్ పూసుకున్నట్టుంటది."

కూతురు దీక్షిత నవ్వు ఆపుకుంది. నవ్వితే బాపుకు కోపం. నిజామాబాద్‌లో బస్సెక్కినప్పటి నుంచి వాళ్లిద్దరిదీ ఇదే పంచాయితీ.

"ఆకుపచ్చ తెచ్చిన అన్నా," అంటూ మహేందర్ డబ్బా దించాడు. రాజారాం తమ్ముడతను. తల్లితో పాటు ఇక్కడ బోధన్‌లోనే ఉంటాడు. ఈ ఇంటి తాళంచెవి అతని దగ్గరే. "వదినా, నువ్వు పైపు పైపు అనకు. కొనేటోడు పైపు చూసి కొనడు, జాగ చూసి కొంటడు."

"ఏడి, ఆ కొనేటోడు?"

మహేందర్ డబ్బా మూత తీయడంలో మునిగిపోయాడు.

ఇల్లు అమ్మకానికి పెట్టి ఏడాది దాటింది. రాజారాం చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసే రోజుల్లో కట్టుకున్న ఇల్లు. స్థలం కొన్నప్పుడు గంగమణి పుట్టింటి బంగారమంతా పోయింది కనుక రిజిస్ట్రేషన్ ఆమె పేరు మీదే అయింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక నిజామాబాద్‌లో కిరాయింటికి మారారు. అక్కడ వెంకటవ్వ అనే ఆమె పిండిగిర్నిని కిరాయికి తీసుకుని పసుపు, కారం, పిండి పట్టి సంసారాన్ని లాక్కొచ్చింది గంగమణి. ఇప్పుడు వెంకటవ్వ ఆ గిర్నిని అమ్మేస్తోంది. "మొదటి మాట నీకే గంగమణీ. దసరా దాక ఆగుత. తర్వాత మందుల దుకాణపాయన అడుగుతుండు, ఆయనకిచ్చేస్త," అంది. ఈ ఇల్లు అమ్ముడుపోతేనే గిర్ని తనదవుతుంది. లేకపోతే ఈ వయసులో ఇంకొకరి గిర్నిలో కూలికి నిలబడాలి.

ఇంటి ధర మాత్రం రాజారాం చెప్పిందే. అరవై లక్షలు. ఆ లెక్క ఎక్కడిదో వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటే ఎంత పలుకుతుందో అంత. తెరుస్తారట అని మాట పుట్టినప్పుడల్లా వీధిలో అందరూ తలా ఇంత పెంచుతారు. ఆ మాట చల్లారాక ఎవరూ దించరు. నోటితో చెప్పిన ధర దించితే ఇజ్జత్ పోతుంది. అందుకే వీధి పొడుగునా 'ఇల్లు అమ్మబడును' అన్న రాతలు ఎండకు వెలిసిపోతున్నాయి.

పదకొండు గంటలకు రుద్రూర్ నుంచి మొగుడూ పెళ్లాలు బండి మీద వచ్చారు. అనిల్‌కుమార్ బడిపంతులు, ఈ మధ్యే బోధన్‌కు బదిలీ అయింది. భార్య సుమన ముందు వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. ధార దబదబా పడింది. ఆమె మొహం విప్పారడం గంగమణి చూసింది.

నడిమింటి తలుపు తీయగానే సుమన తుమ్మింది. గోడవారగా నడుం ఎత్తున బస్తాలు.

"పసుపు. నాదే," అన్నాడు మహేందర్. "రేటొచ్చేదాక ఆపిన. ఇల్లు కొంటే తీసేస్త లెండి."

"ధర ఎంతనుకుంటున్నరు?" అనిల్‌కుమార్ అడిగాడు.

"అరవై," అన్నాడు రాజారాం, గొంతు సవరించుకుని. "ఫ్యాక్టరీ తెరిస్తే ఎనభైకి గూడ దొరకదు. ఇప్పుడు తీసుకున్నోళ్లే తెలివిగల్లోళ్లు."

అనిల్‌కుమార్ తలూపాడు. "మంచిగున్నది సార్. ఇంట్ల మాట్లాడుకుని ఫోన్ చేస్తం."

ఇంతకు ముందు వచ్చిన వాళ్లందరూ అన్న మాటే. గంగమణి చెప్పులేసుకుని వాళ్ల వెనకే వీధిలోకి నడిచింది.

"సుమనా, నిజం చెప్పు తల్లీ. ఫోన్ చెయ్యరు గదా?"

సుమన మొగుడి వైపు చూసింది. "చెయ్యమక్కా. ఏమనుకోకు."

"ఇల్లు నచ్చలేదా?"

"మస్తు నచ్చింది. నీళ్లున్నయి, మా సారు బడి దగ్గర. కని అరవై అన్నోళ్లను మా ధరకు ఎట్ల అడుగుతం? పెద్దమనిషి మొకం మీద కొట్టినట్టుంటది."

"యాభై లోపల చెప్పుంటే కూసుండి బేరం చేసేటోళ్లం," అన్నాడు అనిల్‌కుమార్. "అరవై అంటే అమ్మే మనసు లేదేమో అనుకున్నం."

"మరి మీ ధరెంత?"

అతను నవ్వాడు. "అది ముందుగాల్నే చెప్తే ఇగ బేరమేముంటదక్కా?"

గంగమణికి కూడా నవ్వొచ్చింది. బండి మలుపు తిరిగే దాకా నిలబడింది. వాళ్లకు కోపం లేదు, వెటకారం లేదు. మర్యాద కొద్దీ వెళ్లిపోతున్నారు. ఏడాదిగా ఆ మర్యాదే తమ గడప తొక్కి వెనక్కి పోతోంది.

ఆమె ఇంట్లోకి పోలేదు. వెనక వీధిలో అంజవ్వ ఇంటికి వెళ్లింది. అంజవ్వ నిరుడు పాత ఇల్లు అమ్మి, ఆ పక్కనే చిన్నదాంట్లోకి మారింది. ఆ పాత ఇల్లూ వీళ్లదీ ఒకేసారి కట్టినవి, ఒకే కొలత.

"ఎంతకమ్మినవు అంజవ్వా?"

"యాభై ఎనిమిదికి."

"నోటితోని చెప్పింది కాదు. చేతికొచ్చింది చెప్పు."

అంజవ్వ వీధిలోకి తొంగి చూసి గొంతు తగ్గించింది. "నలభై నాలుగు. అది గూడ రెండేండ్లు ఎదురుచూసి. ఎవరికి చెప్పకు, నీకు దండం పెడుత."

మూలమీదింటి కొత్త యజమానిని అడిగితే అతను దాచుకోలేదు. కొత్త బాత్రూం కట్టించిన ఇల్లు కనుక నలభై ఆరుకు కొన్నానన్నాడు. ఆ ఇంటికి బోరు లేదు, నీళ్లు మోసుకోవాలి.

ఆమె తిరిగొచ్చేసరికి గేటు సగం ఆకుపచ్చగా మారింది. అత్త సాయవ్వ సద్దిగిన్నెలో జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెచ్చి వరండాలో కూర్చుంది. అందరూ చేతులు కడుక్కుని తినడానికి కూర్చున్నారు.

"అరవైకి ఈ ఇల్లు ఎవరు కొనరు," అంది గంగమణి రొట్టె తుంచుతూ. "ఈ చుట్టుపక్కల ఇండ్లు నలభై నాలుగుకు ఒకటి, నలభై ఆరుకు ఒకటి పోయినయి. అడిగి వచ్చిన."

రాజారాం చేయి ఆగింది. "ఇంటింటికి తిరిగి అడిగినవా? మన ఇజ్జత్..."

"ఏడాది సంది అమ్ముడుపోక పడున్న ఇంటికి ఇజ్జత్ ఉన్నదా?"

"నీకు తెల్వదు. ఇయ్యాల దించితే, రేపు ఫ్యాక్టరీ..." అతను ఆగిపోయాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "దించితే అది ఇగ తెరువదని నేనే ఒప్పుకున్నట్టు గంగా."

ఆమె అతని వైపు చూసింది. చక్కెర వాసన ఒంటి నిండా అంటించుకుని డ్యూటీ నుంచి వచ్చే మనిషి గుర్తొచ్చాడు. అయినా గొంతు మెత్తబడనివ్వలేదు.

"ఒప్పుకోకు. నీ ఆశ నీ దగ్గరనే పెట్టుకో, నేనేం గుంజుకోను. కని దాన్ని ఇంకొకరికి ధర కట్టి అమ్మలేం. కొనేటోళ్లకు గోడలు గావాలె, నీళ్లు గావాలె. ఆ ఫ్యాక్టరీ గొట్టంల రాని పొగకు పదిహేను లక్షలు ఎవరిస్తరు?"

మహేందర్ మూతి తుడుచుకున్నాడు. "సరే వదినా, నువ్వు గంత పట్టుబడితే బయటోళ్లకెందుకు? నలభైకి నేనే తీసుకుంట. ఇల్లు ఇంట్లనే ఉంటది. పైసలు పంటకింత పంటకింత ఇస్త."

సాయవ్వ రొట్టె తుంచడం ఆపి చిన్నకొడుకు వైపు చూసింది.

"బాబాయ్, పొద్దుగాల అరవైకి ఒక్క రూపాయి దించద్దన్నది నువ్వే గదా?" అంది దీక్షిత.

"గది బయటోళ్లకు!"

సాయవ్వ పకపకా నవ్వింది. "బయటోడికి అరవై, నీకు నలభయ్యా? బస్తాలు పెట్టుకునే జాగ పోతదని భయమారా బిడ్డా? కిరాయి లేని గోదాం ఏడ దొరుకుతది మల్ల!"

"అవ్వా, నువ్వు ఊకో," అని మహేందర్ తల్లిని కసిరాడు.

"నేనెందుకు ఊకుంటా. ఏడాది సంది ఊకున్న."

రాజారాం తమ్ముడి వైపు చూశాడు, తర్వాత నడిమింటి తలుపు వైపు చూశాడు. కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ వెళ్లిపోయాక "దించకు అన్నా, వాడే వస్తడు" అని భుజం తట్టింది ఎవరో అతనికి ఇప్పుడు గుర్తుకొచ్చినట్టుంది. రొట్టె ముక్కను పచ్చిపులుసులో చాలాసేపు నానబెట్టాడు.

"తమ్ముడే గదా," అన్నాడు చివరికి. అది అడిగినట్టూ ఉంది, అన్నట్టూ ఉంది.

"తమ్ముడే," అంది గంగమణి. "అందుకే తాళంచెవి ఇచ్చినం, కిరాయి అడగలే. ఇల్లు ఇయ్యం. పంటకింత పంటకింత అంటే దసరాకు నా గిర్ని పోతది. మహేందర్, ఈ వారంలో బస్తాలు మీ ఇంటికి మార్చుకో."

"వదినా, నన్ను గింత మాట..."

"ధర దించితే ఇంటోళ్లే ఎగబడతరని అనుకోలే నేను. ఎక్కువ చెప్పి బయటోళ్లను ఎల్లగొట్టుడు, తక్కువ చెప్పి ఇంటోళ్లకు అప్పజెప్పుడు, రెండు గూడ నాతోని కావు."

ఆమె లేచి చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుని వచ్చి అత్త పక్కన కూర్చుంది. గొంతు పెంచలేదు. గిర్ని దగ్గర గిరాకీకి తూకం చెప్పినట్టు చెప్పింది.

"అందరున్నరు గనుక చెప్తున్న. ఇయ్యాల్టి నుంచి ఈ ఇంటి ధర నలభై ఎనిమిది. బేరం చేస్తే వింట, నలభై ఐదు కిందికి మాత్రం దిగ. వచ్చినోళ్లతోని మాట్లాడేది నేను, సంతకం పెట్టేది గూడ నేనే. రుద్రూర్ వాళ్లకు సాయంత్రం ఫోన్ చేస్త."