ట్యూషన్ ముందర నిలబడ్డ బడి

పొద్దున్నే భూదేవి వాకిలి ఊడ్చి, అన్నం వార్చి, కూతురు తిరుమలకు డబ్బా కట్టేసరికి ఆటో వచ్చి హారన్ కొట్టేది. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర దిక్కున ఉన్న ఆ ఊరి పిల్లలను ఎక్కించుకుని అది సిరోంచ పట్నానికి పోయేది. అక్కడ నిలేష్ సార్ ట్యూషన్. పొద్దు గూకేదాకా అక్కడే. ఊరి జిల్లా పరిషత్ బడిలో పిల్లల పేర్లు మాత్రం మిగిలాయి.

ఆ బడికి ఒక అలవాటుంది. ఎవరైనా పిల్లలు రావడం మానేస్తే, గోడలతో సహా కదిలి వాళ్ల ఇంటి దిక్కు జరుగుతుంది. భూదేవి భర్త కిష్టన్న చిన్నప్పుడు చదువు మాని బర్లు కాయబోతే, అది ఏటి ఒడ్డు దాకా వచ్చి ఇసుకలో కూర్చుంది. కిష్టన్న సిగ్గుపడి బర్లను ఇంకో రేవుకు తోలుకుపోయాడు. ఎదురుచూసి ఎదురుచూసి బడి వెనక్కి పోయింది.

ఈ ఏడు దానికి ఎటు పోవాలో తెలియలేదు. ఇంటికొక పిల్ల ఆటో ఎక్కేసరికి ఒకనాడు రైతు జంగు ఇంటి దిక్కు, ఇంకోనాడు భూదేవి కొట్టం దిక్కు జరిగి జరిగి గోడలు పగుళ్లిచ్చాయి. ఊరివాళ్లు దాన్ని చుట్టి బాటలు వేసుకున్నారు. బడి పంతులు విలాస్ సార్ బండి మీద వచ్చి, బడి ఎక్కడుందో వెతుక్కుని తాళం తీసేవాడు.

"మన బిడ్డ మన బడికే పోతే ఏమైతది?" అన్నాడు కిష్టన్న ఒక పొద్దు.

"ఏమైతదా?" అంది భూదేవి. "ఒక్క సారు, నాలుగు తరగతులు. ఆయనకేమో ఎలక్షన్ డ్యూటీ అంటరు, ఇంకో డ్యూటీ అంటరు. ఆడ పగటిపూట కిచిడి దొరుకుతది గని సదువు దొరకది. నా లెక్క అది గూడ నాట్లేసుకుంట బతకాల్నా?"

కిష్టన్న కర్ర అందుకుని బర్ల దిక్కు పోయాడు.

విలాస్ సార్ కూడా ఒకసారి వాకిట్లోకి వచ్చి అడిగాడు. మరాఠీ కలిసిన తెలుగు ఆయనది. "తాయీ, తిరుమలను పంపండి. పోరి హుషార్ ఆహే, చాలా తెలివైంది."

"మీ కొడుకు ఏ బడిల సదువుతుండు సారూ?"

ఆయన చేతికంటిన సుద్దపొడి తుడుచుకున్నాడు. "చామోర్షి పట్నంలో. ఇంగ్లీష్ మీడియం."

"ట్యూషన్?"

"అది కూడా."

ఆయన వెళ్లిపోయాక, గెలిచిన సంతోషమేమీ భూదేవికి కలగలేదు. తిరుమల ఈమధ్య మాట తగ్గించింది. ఏం నేర్చుకున్నవే అని అడిగితే "రాసినం" అనేది. ఏం రాసిందో చెప్పేది కాదు.

బడికి రోజూ పోయేది ఒక్క దీపాలి. అడవి అంచున గుడిసెలో ఉండే దేవక్క మనవరాలు, తిరుమల ఈడుది. ట్యూషన్‌కు పంపే తాహతు దేవక్కకు లేదు. బడి ఎటు జరిగితే అటు నడిచి పోయేది ఆ పిల్ల.

ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒక పొద్దున బడి కనబడలేదు. అది ఉన్నచోట నేల చదరంగా, తెల్లగా ఉంది. కోసిన పొలాల మీదుగా సిరోంచ రోడ్డు దాకా వెడల్పాటి జాడ.

"సిరోంచకు పోయింది. పిల్లలందరు ఆడనే ఉండిరి గద," అని జంగు నాగలి ఎత్తుకుని పోయాడు.

దీపాలి సంచి భుజాన వేసుకుని ఆ ఖాళీ నేల మీద నిలబడింది. దేవక్క గంపతో వచ్చింది. "బడే పోయినంక నువ్వేం జేస్తవ్ బిడ్డా? నాతోని పువ్వు ఏరనీకి రా." దీపాలి సంచి తీసి గంపలో వేసింది.

తిరుమలను ఆటో ఎక్కించడానికి వచ్చిన భూదేవి అది చూసింది. గబగబా గంప దగ్గరికి నడిచింది.

"దేవక్కా, జర ఆగు. బడి మా పిల్లల ఎంబడి పోయింది. రోజు వచ్చిన పిల్ల ఈడ మిగిలె. నేను తోల్కపోత."

"ఎన్ని దినాలు తోల్కపోతవ్?"

భూదేవి గంపలో చెయ్యి పెట్టింది. సంచి తీసి దీపాలి చేతికిచ్చి, తనూ ఆటో ఎక్కింది.

సిరోంచలో, ట్యూషన్‌కు ఎదురుగా బడి నిలబడి ఉంది. అరుగుకు పొలం మట్టి. బండ్లు దాన్ని తప్పించుకుని పోతున్నాయి. విలాస్ సార్ అప్పటికే తాళం తీసి కూర్చున్నాడు. దీపాలి లోపలికి ఉరికింది. తిరుమల తల వంచుకుని ట్యూషన్‌లోకి పోయింది.

భూదేవి గల్లీలో నిలబడింది. ట్యూషన్ కిటికీలో, వెనక వరసలో కూతురు బోర్డు మీది అక్షరాలు దించుతోంది. బడి కిటికీలోంచి దీపాలి గొంతు. మరాఠీ పాఠం చదివి, దాన్నే ఇంట్లో మాట్లాడే తెలుగులో చెబుతోంది. ఆ గొంతు విని తిరుమల పెన్ను ఆగింది.

భూదేవి కిటికీ దగ్గరికి పోయింది. "బిడ్డా, ఈడ నీకు సమజైతుందా?"

"లేదమ్మా. ఈడ అంత ఇంగ్లీషు, ఆడ మరాఠి. బడిల అయితే దీపాలి మన మాటల చెప్తుండె. అప్పుడు సమజైతుండె."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"సమజైతుందా అని నువ్వెప్పుడు అడగలె."

నిలేష్ సార్ గుమ్మంలోకి వచ్చాడు. సంగతి విని నవ్వలేదు, కోప్పడలేదు. "బాగా ఆలోచించుకో అక్కా. ఆ బడిని నమ్ముకుని మీ ఊర్ల ఎవరు బాగుపడ్డరు?"

ఆ మాట తను కిష్టన్నతో అనని రోజు లేదు. భూదేవి కూతురి సంచి అందుకుని, ఆ పిల్లను ఎదుటి బడిలోకి తోలుకుపోయింది.

దీపాలి పక్కన తిరుమల కూర్చుంది. విలాస్ సార్ బోర్డును దగ్గరికి జరిపాడు. భూదేవి గుమ్మంలోనే నిలబడి, "సారూ, మీకు డ్యూటీ పడ్డప్పుడల్ల మాకు చెప్పున్రి. ఇంకో సారు గావాల్నని సదువుల ఆఫీసుకు నేనే పోయి అడుగుత. ఊకె కూసోను," అంది. ఆయన తలూపాడు. ఆయన ముఖంలో నమ్మకమైతే కనబడలేదు.

అప్పుడు కాళ్ల కింద బడి కదిలి, ఊరి దిక్కు మళ్లింది. పిల్లలు తలెత్తలేదు. ట్యూషన్ కిటికీలో ఊరి పిల్లల ముఖాలు మెల్లగా దూరమయ్యాయి. భూదేవి దర్వాజ పట్టుకుని నిలబడింది. బిడ్డ బతుకు నిలబెట్టిందో చెడగొట్టిందో ఆమెకు తెలియలేదు. వెనక మాత్రం తిరుమల చాలా నాళ్ల తర్వాత పెద్దగా ఏదో అడుగుతోంది, దీపాలి జవాబు చెబుతోంది.

ఆ పొద్దు దేవక్క అడవికి ఒక్కతే పోయింది. ఆ తర్వాత కూడా దీపాలిని బడికి పంపి ఒక్కతే పోయింది.