గాలి కోసం రామేశ్వరం

అమల రామేశ్వరం వెళ్తోందన్న వార్త, దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల అపార్ట్‌మెంటు అంతస్తులన్నీ లిఫ్టు కంటే ముందే ఎక్కేసింది.

వెళ్తున్న మాట నిజమే. ఊరూ నిజమే. కాకపోతే వెళ్లేది దేవుడి కోసం కాదు, గాలి కోసం. గుడికి దూరంగా, చేపలు పట్టేవాళ్ల చిన్న ఊరొకటుంది. అక్కడ సముద్రం లోతు తక్కువ, సందడి అంతకన్నా తక్కువ. గాలి మాత్రం ఆగదు. కాళ్లకి పలక బిగించుకుని, నడుముకి పెద్ద గాలిపటం తగిలించుకుంటే అది మనిషిని నీళ్లమీద లాక్కుపోతుంది. కైట్‌బోర్డింగ్ అంటారు. నలభై దాటిన అమల ఆ వీడియో మొదటిసారి చూసింది డాబా మీద, వడియాలకి కాపలా కూర్చుని.

అది నేర్చుకోవాలంటే ఈత రావాలన్నారని ఎల్బీనగర్‌లో ఆడవాళ్ల బ్యాచ్‌లో చేరింది. ఇంట్లో వాకింగ్ అని చెప్పింది. వాకింగ్ నుంచి తడిజుట్టుతో తిరిగొచ్చే మనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. ఎండలు అలా ఉన్నాయనుకున్నారేమో.

రామేశ్వరం పేరు వాడుకోమన్నది కింద ఫ్లాట్ రాణి. ఈతలోనూ, ఈ ప్రయాణంలోనూ ఆమే తోడు.

"బీచ్ అంటే మీ అత్తమ్మ పరేషానైతది అక్కా. రామేశ్వరం పోతున్నం అను. గదేమన్న అబద్ధమా? ఊరు గదే కదా!"

"మరి గుడికి వెళ్తామా?"

"టైముంటే పోదాం. లేకుంటే దూరంకెల్లే దండం పెడ్దం. దేవునికి తెల్వదా ఏంది?"

అమల భర్త ఉపేంద్ర కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తాడు. సంగతంతా శ్రద్ధగా విని, "నాకు తెలిస్తే అమ్మతో అబద్ధమాడాల్సొస్తుంది. కాబట్టి నాకేం తెలీదు" అన్నాడు.

ఇక గాలిపటం నేర్పే కుర్రాడు బరువెంతో రాసి పంపమన్నాడు. అమల కాస్త తగ్గించి పంపింది. అబద్ధాలకి చెయ్యి తిరిగిపోయింది మరి.

ఆ మధ్యాహ్నమే అత్తగారు కోటేశ్వరమ్మ, మూత బిగించిన చిన్న రాగిచెంబు ఒకటి కొంగుతో తుడుస్తూ వచ్చింది.

"ఇది తీసుకెళ్లమ్మాయ్. మీ మామయ్యగారూ నేనూ కాశీ నుంచి తెచ్చిన గంగ. రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయిస్తేనే కాశీయాత్ర పూర్తయినట్టు. వచ్చే ఏడు వెళ్దాం అన్నారు. వచ్చే ఏటికి ఆయనే లేకపోయారు."

అమల చెంబు అందుకుంది.

"ఈ మోకాళ్లతో నేనెక్కడికి వెళ్తాను? ఎవర్నీ అడగబుద్ధి కాలేదు. నీ అంతట నువ్వే రామేశ్వరం అన్నావు చూడు, ఆయనే అనిపించారనుకున్నా."

ఈ కుట్రలో మామయ్యగారిని కూడా కలిపేసినట్టయింది. అమల చెంబుని పెట్టెలో ఈత బట్టల పక్కన పెట్టింది. తీసింది. చీర మడతల్లో పెట్టింది. మళ్లీ తీసింది. పెట్టెలో దానికి తగిన చోటే లేదు.

సాయంత్రం అత్తాకోడళ్లిద్దరూ గోంగూర వలుస్తూ కూర్చున్నారు.

"అత్తయ్యా, నేను వెళ్తోంది దర్శనానికి కాదు" అని మొదలుపెట్టి, ఈతతో సహా అంతా చెప్పేసింది. వీడియో కూడా చూపించింది. కోటేశ్వరమ్మ కళ్లజోడు సర్దుకుని, ఎవరో ఆడమనిషి అంతెత్తున లేచి నీళ్లలో పడటం చూసింది.

"పడితే?"

"మోకాలి లోతేనండీ."

"మోకాళ్ల సంగతి నాకు చెప్పకు."

ఇంకో నాలుగాకులు వలిచాక అడిగింది. "సముద్రానికెళ్తానంటే వద్దంటాననుకున్నావా?"

"అంటారు కదండీ."

"అంటాను. రెండ్రోజులు సణిగి ఊరుకుంటాను. ఆ రెండ్రోజులు పడలేక దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నావా?"

కోటేశ్వరమ్మ మెల్లగా లేచి, పెట్టె పక్కనున్న చెంబు తీసుకుని దేవుడి గదిలోకి నడిచింది. "వెళ్లు. ఎగురు. ఇది మాత్రం ఇలా వద్దు."

అడ్డు తొలగిపోయింది. హాయిగా ఉండాలి. అమల కోరుకున్నది గాలి ఒక్కటే కాదు. పొద్దున్నే కూరేంటని ఎవరూ అడగని ఆ నాలుగు రోజులు కూడా. అవి ఇప్పుడు చేతిలోనే ఉన్నాయి. అయినా కాళ్లు దేవుడి గది గుమ్మం దాకా వెళ్లాయి.

"మీరూ రండి అత్తయ్యా. చక్రాల కుర్చీ సంగతి కనుక్కుంటాను. ముందు అభిషేకం, తర్వాతే నా గాలిపటం."

"మొహమాటానికి పిలుస్తున్నావా?"

నిజాలు చెప్పడం అప్పుడే మొదలుపెట్టిన మనిషి కాబట్టి, "కొంచెం" అంది అమల.

కోటేశ్వరమ్మ చెంబుని ఇంకోసారి కొంగుతో తుడిచింది. "కొంచెమే అయితే వస్తాను."

మూడు రోజుల పాఠాన్ని ఒక్క రోజుకి కుదించమని అమల ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టింది. పెట్టగానే ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లోపల కోటేశ్వరమ్మ అప్పుడే ఫోనందుకుని ఎవరికో గట్టిగా చెప్తోంది.

"నేను వద్దన్నానే! మీరు రాకపోతే నేనూ వెళ్లనని మా కోడలు ఒకటే పట్టు."