అడుగు కనపడని నీళ్లు

సన్నీవేల్‌లో మేం ఇల్లు కొన్నప్పుడు వచ్చిన వాళ్లందరూ వెనకాల ఉన్న స్విమ్మింగ్ పూల్ చూసి మెచ్చుకున్నారు. నాకు మాత్రం భయం పట్టుకుంది. నాకు ఈత రాదు. మా అవనికి అప్పుడు నాలుగేళ్లు, కాలు ఒకచోట నిలవని పిల్ల. పాత ఫిల్టర్ పాడైపోయి నీళ్లు పెసరకట్టులా ఉన్నాయి. అందులో పిల్ల జారిపడితే గట్టు మీద నిలబడిన వాళ్లకు కూడా తెలియదు.

కొత్త ఫిల్టర్ కోసం షాపుకి వెళ్లాం. ఇసుకతో వడగట్టేది, మడతల గుడ్డ కార్ట్రిడ్జితో వడగట్టేది, డీఈ అనే తెల్లపొడితో వడగట్టేది, ఇలా మూడు రకాలని అక్కడి ఆవిడ చెప్పింది. ఇసుకదానికి చాకిరీ తక్కువట. కార్ట్రిడ్జిని విప్పి పైపుతో కడుక్కుంటే చాలట. డీఈకి మాత్రం ఓపిక కావాలంది. మా ఆయన తేజేశ్వర్ వెంటనే డీఈ అన్నారు. ఆయన స్నేహితుడు ఫణి ఇంట్లో ఉన్నది ఇసుకది, అదీ కారణం. నేను అడిగించింది ఒక్కటే, దేనితో అయితే అడుగు బాగా కనపడుతుందని. ఆవిడ కూడా డీఈనే చూపించింది. మా పెళ్లయ్యాక ఆయన మాట, నా మాట ఒకటవడం అరుదు. ఆ ఓపిక ఎవరిదో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

ఇంటర్ రెండో ఏడు మధ్యలో పెళ్లి చేసి పంపించారు నన్ను. అప్పట్నుంచీ ఏం నేర్చుకున్నా పని దగ్గరే. ఈ ఫిల్టరూ అంతే. పెద్ద డ్రమ్ములో గుడ్డ తొడిగిన పలకలు నిలబెట్టి ఉంటాయి, వాటిని గ్రిడ్లు అంటారు. నీళ్లను వడగట్టేది నిజానికి ఆ గుడ్డ కాదు, గుడ్డకు పట్టిన పొడి. చూడటానికి అచ్చం ముగ్గుపిండే. ఎప్పుడో నీళ్లలో బతికిన, కంటికి ఆనని ప్రాణుల పెంకులట. మురికి పట్టేకొద్దీ డ్రమ్ము మీది మీటరు ముల్లు పైకి పోతుంది. అప్పుడు నీళ్లను వెనక్కి తిప్పి కడగాలి. తరవాత మూతికి మాస్కు కట్టుకుని, కొత్త పొడిని బకెట్లో గంజిలా కలిపి, మోటారు నడుస్తుండగా గట్టు పక్కన నీళ్లు లాగే గూట్లో కొద్దికొద్దిగా పోయాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని సంచి మీదే రాసి ఉంది. అందుకని ముందు అవనిని లోపల పెట్టి తలుపు వేసేదాన్ని.

లోతు వైపు అడుగున జల్లెడ లాంటి మూత ఒకటుంది. గట్టు మీద నిలబడితే దాని చిల్లులు కనపడాలి. కనపడితేనే అవని నీళ్లలో దిగాలి. ఇది నేను పెట్టుకున్న నియమం, ఎవరూ చెప్పింది కాదు.

జూలైలో మా ఆడపడుచు ఉషా వదిన నోవై నుంచి పిల్లల్ని తీసుకుని వచ్చింది. ఆవిడ కార్ల కంపెనీలో ఇంజనీరు. పెద్దది హంసిక, చిన్నవాడు శ్రేయాస్. అక్కడ సగం ఏడాది మంచే కాబట్టి పిల్లలకు మా పూల్ అంటే పండగ. వదిన పొద్దున్నే ఇద్దరినీ కూర్చోబెట్టి, క్లోరిన్‌కి జుట్టు పాడవకుండా తలకు కారేటట్టు కొబ్బరినూనె పట్టించి నీళ్లలోకి తోలేది. అవని తలనూ వదల్లేదు.

నూనె వద్దు, ఒకసారి ఒళ్లు కడిగి పంపండి అని మెల్లిగా చెప్పాను. గ్రిడ్ల గుడ్డకు జిడ్డు పట్టిందంటే ఇక నీళ్లు దిగవన్నాను.

"తలకి నూనె రాస్తే నీ మిషన్‌కి జలుబు చేస్తుందా చంద్రికా?" అంది వదిన. "అమ్మ మాకు రాసింది, నేను వీళ్లకి రాస్తున్నా. దీనిక్కూడా నీ అప్రూవల్ కావాలా?"

మా ఆయన లాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే నవ్వారు. "వదిలెయ్ అక్కా. తనకి ఆ ఫిల్టర్ రెండో సంతానం."

వారం తిరక్కుండానే ముల్లు ఎగబాకింది. వెనక్కి తిప్పి కడిగి కొత్త పొడి పోశాను. సాయంత్రానికి మళ్లీ అక్కడికే వచ్చింది. జిడ్డు గుడ్డ మీద పొడి సమంగా పట్టదు, ఉత్త నీళ్లకు జిడ్డు వదలదు. డ్రమ్ము విప్పి, గ్రిడ్లన్నీ తీసి, జిడ్డు వదిలే మందులో నానబెట్టాలి. ఆ డ్రమ్ము బిగింపు నా ఒక్కదాని వల్ల కాదు. నీళ్లు చూస్తూ చూస్తూ కుడితిలా తయారయ్యాయి. శనివారం శ్రేయాస్ పుట్టినరోజు, పూల్ పార్టీ.

ముందురోజు మా ఆయన్ని గట్టు మీదికి తీసుకెళ్లి చూపించాను. "అడుగు కనపడట్లేదండీ. రేపు పిల్లల్ని దింపొద్దు."

"మా డైరెక్టర్ ఫ్యామిలీతో వస్తున్నాడు, ఇప్పుడు క్యాన్సిల్ చేయమంటావా? నేను టెస్ట్ చేశాను. క్లోరిన్ పర్ఫెక్ట్‌గా ఉంది."

"క్లోరిన్ సంగతి కాదు. ఎవరైనా మునిగితే కనపడరు."

"నీకెప్పుడూ మునగడమే కనపడుతుంది."

శనివారం వాళ్లంతా ప్లేట్లు పట్టుకుని నీడలో కూర్చున్నారు. నేను గట్టు మీద కుర్చీ వేసుకుని పిల్లల తలల్నే చూస్తున్నాను. నూనె రాసిన తలలు తడిస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. శ్రేయాస్‌ది పసుపు నిక్కరు కాబట్టి వాణ్ణి దాంతో గుర్తుపెట్టుకున్నాను. ఉన్నట్టుండి ఆ పసుపు ఎక్కడా లేదు. హంసికను పిలిచి అడిగితే, "డోంట్ నో అత్తా," అని బంతి విసురుకుంటూ పోయింది. నీడలో ఉన్నవాళ్ల వైపు తిరిగి, శ్రేయాస్ కనపడట్లేదు, నీళ్లలో ఉన్నాడేమో అని అరిచాను. లోపలికి వెళ్లుంటాడులెమ్మని ఎవరో అన్నారు. మా ఆయన డైరెక్టర్‌కి ఏదో వివరిస్తూ, ఒక్క క్షణం అన్నట్టు నాకు చెయ్యి చూపించారు.

లోతు వైపు, తెల్లటి నీళ్ల కింద, పసుపుగా ఏదో కదిలినట్టనిపించింది. దూకేశాను.

లోపల పైకీ కిందికీ తేడా లేదు. కళ్లు తెరిచినా తెలుపే. చేతులతో తడిమాను. పిల్లాడు తగల్లేదు, గోడా తగల్లేదు, కాలికి నేలా తగల్లేదు. పిల్లల కేరింతలు మాత్రం వినిపిస్తూనే ఉన్నాయి. నేను మునిగినందుకు ఆట ఆగలేదు.

ఆ డైరెక్టర్ భార్య నీళ్ల మీద తేలుతున్న నా చున్నీ చూసి, అందంగా ఉంది, ఎవరిది అని అడిగిందట. అప్పుడు చూశారట నా కుర్చీ వైపు. మా ఆయన దిగి, వెతికి వెతికి, చేతికి దొరికిన జుట్టు పట్టుకుని నన్ను లాగారు.

నేను గట్టు మీద పడి నీళ్లు కక్కుతుంటే శ్రేయాస్ ఐప్యాడ్ పట్టుకుని గరాజ్‌లోంచి వచ్చాడు. వదిన పరిగెత్తుకెళ్లి వాణ్ణి వాటేసుకుంది. తరవాత నా దగ్గరికి వచ్చింది. వీపు రాస్తుందనుకున్నాను.

"పుట్టినరోజు పూట నా బిడ్డ నీళ్లలో పోయాడని ఎలా అనగలిగావ్? నీ నోటికి ఆ మాట ఎలా వచ్చింది?"

"పోయాడనలేదు వదినా. కనపడట్లేదన్నాను."

"రెండూ ఒకటే."

మా ఆయన నా భుజాల మీద తువ్వాలు కప్పుతూ, జనం ముందు ఈ డ్రామా అవసరమా అని చెవిలో అన్నారు.

ఆ సాయంత్రం వదిన ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట్లో పట్టుకుని కొడుక్కి దిష్టి తీసింది. స్టవ్ మీద వేస్తే స్మోక్ అలారం మోగుతుందని తీసుకెళ్లి పూల్‌లో పారేసింది. దిష్టి ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. గుంటూరు నుంచి మా అత్తగారు ఫోన్ చేసి, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా అని అరగంట బుద్ధి చెప్పారు. ఇంత మనిషి అంతమంది ఎదురుగా మునిగిపోతే ఎలా కనపడకుండా పోయిందని ఒక్కరూ అడగలేదు. అడిగితే నీళ్ల మాట వస్తుంది, నీళ్ల మాట వస్తే నూనె మాట వస్తుంది.

వాళ్లు వెళ్లిపోయాక మా ఆయనా నేనూ కలిసి డ్రమ్ము విప్పాం. గ్రిడ్లు చేతికి జారిపోతున్నాయి. కమ్మటి కొబ్బరి వాసన. ఆయనకూ ఆ వాసన తగిలింది. చేతులు తుడుచుకుని, "ఈ డీఈ మరీ సెన్సిటివ్. కార్ట్రిడ్జి తీసుకోవాల్సింది," అన్నారు.

గ్రిడ్లు నానబెట్టి, తోమి, మళ్లీ పెట్టి, పొడి పట్టించాను. నీళ్లు తేరుకున్నాయి. కానీ ఈసారి ఊరుకోలేదు. పూల్ చుట్టూ ఉన్న కంచె గేటుకి ఒక తాళం కొన్నాను. తాళంచెవిని పిన్నీసుకి గుచ్చి మంగళసూత్రానికి తగిలించుకున్నాను.

మొన్న ఆదివారం ఫణి వాళ్లొచ్చారు. రాత్రంతా వీచిన గాలికి దుమ్మూ ధూళీ పడి నీళ్లు మళ్లీ మసకబారాయి. మూత చిల్లులు కనపడట్లేదు. అందరూ భుజాన తువ్వాళ్లు వేసుకుని గేటు దగ్గర నిలబడ్డారు. మా ఆయన వంటింట్లోకి వచ్చి చెయ్యి చాపారు.

"కీ ఇవ్వు."

"ఇవాళ వద్దండీ."

"చందూ, బయట మనుషులున్నారు."

"అందుకే."

ఆయన చెయ్యి నా మెడ దాకా వచ్చి ఆగింది. వెనకాల అవని ఈత కళ్లజోడు పెట్టుకుని ఏడుస్తోంది. "డాడీ, మమ్మీ ఈజ్ సో మీన్." దాన్ని ఎత్తుకోవాలనిపించింది. ఎత్తుకుంటే తాళంచెవి దాని చేతికి అందుతుందని ఎత్తుకోలేదు.

తాళం తుప్పు పట్టిందని వాళ్లతో చెప్పుకున్నారాయన. లోపలే కూర్చుని తిని వెళ్లిపోయారు. ఆ రోజు నుంచీ ఆయన నాతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా అవనితో చెప్పిస్తున్నారు. నిన్న గరాజ్‌లో ఇనుము కత్తిరించే పెద్ద కత్తెర కనపడింది, ఇంకా అట్టకే కట్టి ఉంది. ఇవాళ వెళ్లి ఇంకొంచెం లావుపాటి తాళం తెచ్చాను.