నాలుగో గదిలో కరగని మంచు

ముప్పై ఏళ్ళు రేయింబవళ్ళు గుర్రుమన్న కోల్డ్ స్టోరేజీ నోరు మూసుకుని పది రోజులైంది. యంత్రాలకు వయసు మీదపడింది, యజమాని చేతులెత్తేశాడు. ఇక పైపుల్లో మిగిలిన అమ్మోనియా గ్యాసును నీళ్ళ తొట్టెలోకి వదిలేసి, ఇనుమంతా కోసి పాత సామాన్ల కొట్టుకు పంపడమే మిగిలింది. ఆ పనికి వచ్చింది ఇద్దరే. ఒకరు ఇన్నేళ్ళూ ఆ యంత్రాల్ని సాకిన మేస్త్రీ. రెండోవాడు అతని అల్లుడు, గ్యాస్ కట్టర్ పట్టాడంటే గీత గీసినట్టు కోసేస్తాడు.

మేస్త్రీని అందరూ ముక్కు మేస్త్రీ అంటారు. అమ్మోనియా ఎక్కడ పిసరంత కారినా ఇట్టే పసిగట్టేవాడు మరి! గ్యాసు కొలిచే మీటరు కావాలని అల్లుడు అడిగితే, ఈ పని ఒప్పుకున్న కాంట్రాక్టరు పకపకా నవ్వాడు.

"మీ మామ ముక్కుండగా మీటరెందుకయ్యా, నీ పిచ్చి గానీ!"

అల్లుడూ నవ్వేశాడు. మేస్త్రీ మాత్రం మీసం దువ్వుకున్నాడు.

అసలు సంగతేమిటంటే ఆ ముక్కు పనిచేయడం మానేసి పదమూడేళ్ళు దాటింది. కళ్ళు మండేంత ఘాటు ఉంటే తప్ప గ్యాసుందో లేదో అతనికి తెలియదు. ఈ ముక్క కట్టుకున్న భార్యకైనా చెప్పలేదు మహానుభావుడు. పొయ్యి మీద కూర మాడిపోతుంటే పక్కనే కూర్చుని పేపరు చదువుకునేవాడు. పరధ్యానం మనిషని ఆవిడ సరిపెట్టుకునేది.

మూడు గదుల పని చకచకా అయిపోయింది. మిట్టమధ్యాహ్నం నాలుగో గది తలుపు తీశారు. ఎండ వెలుతురు సగందాకా లోపలికి పడింది. పురుగు కూడా లేని ఖాళీ గది. కానీ వెనక గోడ వెంట పోయే లావుపాటి పైపు మీద మాత్రం అరచేతి మందాన మంచు పేరుకుని ఉంది.

"యంత్రం ఆగి పది రోజులైతే ఇదేం మంచు మామయ్యా?"

"ఇన్నేళ్ళు చలి తిన్న ఇనుము కదా, అంత తొందరగా వదలదులే" అన్నాడు మేస్త్రీ. అన్నాడే గానీ, ఆ మాట అతనికే నచ్చలేదు.

పైపు కోసే ముందు అక్కడొక పద్ధతి ఉంది. గోడ బయటికి వచ్చిన పైపు మీద స్పానరుతో మూడు దెబ్బలు కొట్టాలి. లోపల ఎవరైనా ఉంటే రెండు దెబ్బలతో బదులిస్తారు. బదులు రాకపోతే గది ఖాళీ అన్నట్టు. మేస్త్రీ వరండాలో నిలబడి మూడు కొట్టాడు.

టక్. కాసేపు ఆగి, టక్.

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అల్లుడు లోపలికెళ్ళి నాలుగు మూలలూ వెతికి వచ్చాడు. ఎవరూ లేరు. మళ్ళీ కొట్టారు. మళ్ళీ రెండు.

"ఎండకు ఇనుము సాగుతోందేమో" అన్నాడు అల్లుడు, గొంతులో అంత నమ్మకం లేకుండా.

మూడోసారి మేస్త్రీ స్పానరు ఎత్తాడంతే. ఇంకా కొట్టనేలేదు, లోపల్నుంచి ఆ రెండూ వచ్చేశాయి. ఆ ఆగడం, ఆగి కొట్టడం, వెయ్యిమందిలోనైనా పోల్చుకోగలడు. అది పొడుగాయన దెబ్బ.

పొడుగాయన అంటే పనిలో అతని జోడీ, ఈ అల్లుడి కన్నతండ్రి. పదమూడేళ్ళ కిందట ఇదే గదిలో గ్యాసుకు ఊపిరాడక చనిపోయాడు. తర్వాత ఆ పిల్లాణ్ణి మేస్త్రీ ఇంటికి తెచ్చుకుని పెంచాడు, పని నేర్పాడు, కూతుర్నిచ్చి పెళ్ళి చేశాడు. ఎంత మంచి మనసో అని జనం అంటుంటే అతను మాట మార్చేసేవాడు.

అల్లుడు మొహానికి మాస్కు బిగించుకుని, గ్యాసేమైనా మిగిలిందేమో చూడ్డానికి వరండాలో పైపుకున్న చిన్న కుళాయిని కొంచెం తిప్పాడు. రెండో చేతిలో కట్టర్ సిద్ధంగా ఉంది.

"మామయ్యా, ఒక్కసారి వాసన చూడండి. మీరు లేదంటే మంట పెట్టేస్తా."

మేస్త్రీ వంగి గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ లేదు. అతనికెప్పుడూ ఏమీ ఉండదు. లోపల గ్యాసూ, యంత్రాల నూనే మిగిలి ఉంటే, మంట తగలగానే పైపు పేలిపోతుంది, ఎదురుగా ఉన్నది అల్లుడే. గ్యాసు ఉందని ఊరికే అనేస్తే ఎలా తెలిసిందని ఎవరూ అడగరు, ముక్కు మేస్త్రీ పరువు నిలుస్తుంది. కానీ ఆ దొంగ మాటతో ఇంకెన్నాళ్ళు? రేపు ఇంకో చోట ఇంకో పైపు దగ్గర ఇదే పిల్లాడు ఇదే అడుగుతాడు.

"చెప్పండి మామయ్యా, కోసెయ్యనా?"

లోపల మళ్ళీ రెండు దెబ్బలు, ఈసారి మెల్లగా.

"ఆపరా!" అని కేకేశాడు మేస్త్రీ. "నాకు వాసన తెలీదు. ఏ వాసనా తెలీదు. పదమూడేళ్ళు దాటింది."

వేళాకోళమనుకుని నవ్వబోయిన అల్లుడు ఆ మొహం చూసి ఆగిపోయాడు. కట్టర్ కింద పెట్టాడు. మాస్కు కొంచెం ఎత్తి చూసి, వాసన తగలగానే కుళాయి కట్టేశాడు.

"బోలెడు గ్యాసుంది." మామ వైపు తిరిగాడు. "పదమూడేళ్ళు దాటిందా? అయితే ఆ రోజు మా నాన్న మిమ్మల్ని అడిగాడా?"

"అడిగాడు."

"మీరేమన్నారు?"

"ఏమీ లేదు, వెళ్ళరా అన్నాను."

అల్లుడు వెనక్కి తిరిగాడు. గొట్టం తెచ్చి కుళాయికి బిగించి, రెండో కొస నీళ్ళ తొట్టెలో ముంచాడు. సాయంత్రందాకా తొట్టె బుడబుడలాడుతూనే ఉంది. ఒక్కొక్క అంగుళమే మంచు కరిగిపోయింది. "అది పట్టుకో", "అటు జరుగు", అల్లుడి నోట అంతే మాటలు. మామయ్యా అన్న పిలుపు లేదు. అంతా ఖాళీ అయ్యాక మేస్త్రీ ఉండబట్టలేక పైపు మీద మళ్ళీ మూడు కొట్టాడు. ఎవరూ పలకలేదు. పలికితే బాగుండునని భోరుమన్నాడు. అల్లుడు చూసి కూడా దగ్గరికి రాలేదు.

సామాను సర్దుతుండగా అల్లుడి ఫోను మోగింది. మేస్త్రీ కూతురు.

"పనైపోయిందా? నాన్న బాగానే ఉన్నాడా?"

అల్లుడు ఫోను మామ వైపు చాపాడు.

"నువ్వే చెప్పు. నేను చెబితే అది నమ్మదు."

మేస్త్రీ ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాన్నా? మాట్లాడవేం?"

"ఉన్నానమ్మా" అన్నాడు. "మీ మామగారిని ఆ గదిలోకి పంపింది నేనేనమ్మా."