పురుగులింట్లో ఆరబెట్టిన చిప్

కుంపటి పక్కనున్న పురుగుల తట్ట జరపగానే యశోదమ్మ ఒక్కడుగు వెనక్కి వేసింది. నల్లటి మట్టిబిళ్ల, దానికి రెండు పక్కలా వరసగా గుచ్చిన గుండుసూదులు. ఇంకేం కావాలి, ఎవరో చేతబడి చేశారు. పొద్దుటి నుంచి పట్టుపురుగులు ఆకు ముట్టనిది ఇందుకే మరి.

పుంగనూరు దగ్గర ఆ పల్లెలో పట్టుపురుగులు పెంచే పురుగులింట్లోకి పరాయివాళ్లను రానివ్వరు. యశోదమ్మ కాక ఆ గడప దాటేది తోడికోడలు రెడ్డెమ్మ ఒక్కతే. గూళ్లు కట్టేముందు పురుగులు రేయింబవళ్లు మేస్తాయి. అప్పుడు రెండో మనిషి సాయం లేకపోతే పంట మట్టిపాలే. సరిగ్గా ఆ అదనులోనే, ఆకుబుట్టతో వచ్చిన రెడ్డెమ్మకు ఆ బిళ్ల చేత పట్టుకుని వాకిట్లో అడ్డం నిలబడింది యశోదమ్మ మహాతల్లి.

"నా పంట సూసి కళ్లు కుట్టినాయా నీకు? యాల చేసినావు ఈ పని?"

రెడ్డెమ్మ ఆ బిళ్లనూ ఆమె మొహాన్నీ చూసి, బుట్ట దించి వెళ్లిపోయింది. మాట్లాడలేదంటే తప్పు చేసినట్టే కదా అనుకుంది యశోదమ్మ. అనుమానానికి సాక్ష్యాలు ఎంత చవగ్గా దొరుకుతాయో చూడండి.

సాయంత్రం బడి నుంచి వచ్చిన కూతురు సరోజ కుంపటి చుట్టూ వెతికింది.

"నా చిప్ యాడమ్మా?"

"చిప్ అంటే ఏంది?"

"కంప్యూటర్ లోపల ఉంటాదంట. ఘని సారు మట్టితో చేయించినాడు. సూదులు దాని కాళ్లు. కరెంటు వాటిలోంచి లోపలికి పోతాది. ఆడ గోరంత బిళ్ల మీద కరెంటు నడిచేదానికి వెంట్రుక కంటే సన్నం దావలుంటాయంట. ఈడ వెచ్చగా ఉంటాది, పగలకుండా ఆరతాదని పెట్టినా. తిడతావని చెప్పలా."

యశోదమ్మ నమ్మలేదు. మదనపల్లె నుంచి వచ్చిన ఆ సారు పిల్లలకు నేర్పేది చదువా, ఇంకేమన్నానా? కూతురి రెక్క పట్టుకుని బడికి పోయింది. కిటికీలో అలాంటి నల్లబిళ్లలే బారుగా ఉన్నాయి. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పోయి తెచ్చిన అసలు చిప్‌ను ఘని సారు ఆమె అరచేతిలో పెట్టాడు. అదే నలుపు, అవే కాళ్లు.

"దీన్ని విప్పి సూపించలేనమ్మా. అందుకే పిల్లోళ్ల చేత మట్టితో చేయిస్తాండాను."

యశోదమ్మకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తిన్నగా రెడ్డెమ్మ ఇంటికి పోయి, జరిగిందంతా చెప్పి చేతులు పట్టుకుంది. "తప్పయిపోయిందక్కా."

రెడ్డెమ్మ చేతులు విడిపించుకుని, పురుగులింటికి వచ్చి తట్టలు చూసింది. "తడి ఆకు వేసినావు. ఎట్ల మేస్తాయి?" అని ఆరిన ఆకు పరిచింది. కాసేపటికి పురుగులు మేయసాగాయి.

"బతికించినావక్కా," అంది యశోదమ్మ.

రెడ్డెమ్మ తలెత్తలేదు.

"బిళ్ల పెట్టింది నీ బిడ్డ. సరే. నేను అట్లాంటిదాన్నని ఎన్నాళ్లుగా మనసులో పెట్టుకొనుండావు యశోదా?"