మిగతా సగం

పొట్టికి ఒళ్లు మండిపోతోంది. ఆమె అక్క కన్నా జానెడు పొడుగు, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం మొదలుపెట్టి పన్నెండేళ్లయింది, అయినా అక్క నోట ఇప్పటికీ పొట్టే. మంట ఆ పేరు గురించి కాదు, చేతిలో ఉన్న ఫిల్మ్ రీలు గురించి.

ఫొటో క్లబ్బువాళ్లు శుక్రవారం పెట్టే ప్రదర్శనలో ఒక గోడను జంట ఫొటోలకు వదిలారు. ఒకరు రీలంతా తీసి, వెనక్కి చుట్టి రెండోవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు అదే రీలు మీద మళ్లీ తీయాలి. రెండు బొమ్మలూ ఒకే ఫొటోలో కలిసి రావాలి. ఏడేళ్లుగా క్లబ్బు చుట్టూ తిరుగుతున్నా పొట్టి తీసిన ఫొటో ఒక్కటీ గోడ ఎక్కలేదు. ఈసారి ఎక్కించి తీరాలని, పక్క ఊళ్లో డ్రిల్లు టీచరుగా పనిచేసే అక్కను జతకు పిలిచింది. కొరివితో తల గోక్కోవడమంటే అదే.

మొదటి రీలు పాడైంది మాత్రం పొట్టి వల్లే. మొదలు ఎక్కడో గుర్తు పెట్టుకోకుండా కెమెరాలో ఎక్కించింది. అక్క తల ఒక ఫొటోలో, మెడ ఇంకో ఫొటోలో వచ్చాయి. అక్క వారం రోజులు నవ్వింది. రెండో రీలుకూ మూడోదానికీ పొట్టి ముందే కలంతో గీత పెట్టి పంపింది. తీరా రెండోది అంతా అయ్యాక కడిగి చూస్తే, ముప్పై ఆరింటిలోనూ అక్క బడి మైదానం, దాని మీద తెల్లటి ఆకాశం. పొట్టి తీసినవి భూతద్దం పెట్టి వెతికినా లేవు. తెలుపు నిండిపోయిన చోట రెండో బొమ్మ నిలవదు, నలుపున్న చోటే నిలుస్తుంది.

వెంటనే ఫోన్ చేసింది.

"అక్కా, సగం వెలుతురులో తియ్యమన్నాను కదా."

"సగం వెలుతురులో తీస్తే ఏం కనపడుతుందే? మసక మసగ్గా ఉంటే నాకు నచ్చదు."

"మసక కాదక్కా. ఆ మిగతా సగం నాది."

"నీది నువ్వు తీసుకో. ఎవరొద్దన్నారు?"

"నువ్వు చోటు ఉంచితే కదా తీసుకోడానికి. చిన్నప్పుడు దుప్పటి దగ్గరా ఇంతే. ఇద్దరికీ ఒకటే దుప్పటి ఉంటే మొత్తం చుట్టేసుకుని పడుకునేదానివి. నేను చలికి ముడుచుకుని పడుండేదాన్ని."

ఆ మాట అనాలని అనుకోలేదు, నోరు జారింది. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

పొట్టి తన డిజిటల్ కెమెరా తీసి అందులోనైనా కుదురుతుందేమో చూసింది. రెండు బొమ్మల్ని కలిపే ఏర్పాటు దానిలోనే ఉంది. అక్క పంపిన ఫొటో ఒకటి కింద వేసి, పైన తన గది తీసింది. కెమెరా పాపం ఎంతో న్యాయంగా చెరిసగం పంచింది. ఇద్దరూ పదిసార్లు ఉతికిన చీరలా వెలిసిపోయారు. పద్దెనిమిది సార్లు తీసింది, పద్దెనిమిదీ చెరిపేసింది. పైగా ఆ గోడకు ఫిల్మే కావాలట. ఏడేళ్లు ఆగినదాన్ని ఎనిమిదో ఏడు కూడా ఆగలేనా అనుకుంది కానీ, ఏడుపొచ్చింది.

బుధవారం పొద్దున బావ ఆసుపత్రికే వచ్చి మూడో రీలు చేతిలో పెట్టాడు.

"గీత దగ్గరే మొదలుపెట్టిందట, చెప్పమంది. ఇంకేం చెప్పొద్దంది. బటన్ నొక్కింది నేనేనమ్మా, బాగా రాకపోతే నన్ను తిట్టు, మీ అక్కను వదిలెయ్."

పొట్టికి నమ్మకం కలగలేదు. కుక్క తోక వంకర అనుకుంటూనే కెమెరాలో ఎక్కించింది. మధ్యాహ్నం రోగులు లేని వేళ ఎక్స్‌రే గదిలో దీపాలు తగ్గించి, గోడకు తగిలించిన సీసపు కోట్లు, ఖాళీ కుర్చీ, తలుపు, ఏది కనిపిస్తే అది తీసింది. పద్నాలుగో ఫొటో దగ్గర కాళ్లు పీకాయి. కెమెరాను స్టూలు మీద పెట్టి, దానంతటదే తీసుకునేలా తిప్పి, రోజూ రోగుల్ని పడుకోమనే బల్ల మీద తనే ముడుచుకుని పడుకుంది.

సాయంత్రం స్నానాలగదిలో రీలు కడిగి వెలుతురుకు ఎత్తి పట్టింది. ప్రతి ఫొటోలోనూ పై అంచున నాలుగు గీతలు. ఎక్స్‌రేలు చూసే కళ్లకు అవేమిటో తెలియడం ఎంతసేపు? వేళ్లు. ముప్పై ఆరింటిలోనూ వేళ్లే. చెయ్యి అడ్డం పెట్టకుండా ఒక్క ఫొటో కూడా తీయించుకోలేదా ఈ మనిషి అని పళ్లు కొరికింది. ఉన్న చివరి రీలు కూడా గంగపాలైంది.

పారేసేముందు ఒక్కటి చూద్దామని పద్నాలుగోది కాగితం మీద వేసింది.

ఫొటో నిండా నల్లటి దుప్పటి. దాని పై అంచు పట్టుకుని ఎత్తిన అక్క చెయ్యి, మణికట్టుకు చుట్టిన విజిల్ తాడు. అలా ఎత్తిన చోట, దుప్పటి కింద, పొట్టి ముడుచుకుని పడుకుని ఉంది. మోకాళ్ల నుంచి నుదురు దాకా స్పష్టంగా ఉంది.

పొట్టి బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుండిపోయింది. ముక్కు తుడుచుకుని ఫోన్ చేసింది.

"చెయ్యి నొప్పి పుట్టలేదా అక్కా?"

"పుట్టదా మరి? ముప్పై ఆరు సార్లు ఎత్తి పట్టుకున్నా. మీ బావ ఒక్కోదానికి గంట తీసుకున్నాడు. ఇంతకీ దుప్పటి కింద నువ్వు పట్టావా?"

"పట్టానక్కా."

"కాళ్లతో సహా?"

"కాళ్లతో సహా."

"అయితే సరే. గోడ మీద కాగితంలో నా పేరు ముందు రాయించు. పెద్దదాన్ని."

పొట్టికి మళ్లీ ఒళ్లు మండింది. శుక్రవారం వెళ్లి అలాగే రాయించింది.